ఆవు కొమ్ము దిగిన గోడ

గోడలకు పడ్డ బొక్కలు పూడ్చి బతికినవాణ్ణి నేను. ఇలా చెబితే మా మనవళ్ళకు నవ్వొస్తుంది. గోడలు కట్టానని చెప్పుకో తాతా, గౌరవంగా ఉంటుంది అంటారు. కట్టాను, కాదనను. బెంగళూరు ఆఫీసుల్లో జిప్సం బోర్డు పార్టిషన్లు నిలబెడుతూ చాలా ఏళ్ళు గడిపాను. కానీ నిలబెట్టిన గోడల్లో ఒక్కటీ గుర్తులేదు. అన్నీ ఒకే తెలుపు, ఒకే నునుపు. పూడ్చిన బొక్కలు మాత్రం ఏది ఎవరి ఇంట్లో, ఎవరి కోపానికి, ఎవరి ఏమరుపాటుకు పడిందో ఇప్పటికీ చెప్పగలను.

భుజం నొప్పి ఎక్కువై పని మానేశాను. చింతామణిలో ఇంటిపట్టునే ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు కొందరు సాయంత్రాలు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఏ బోర్డు మంచిది, ఏ మిషన్‌తో పని తొందరగా అవుతుంది అని వాళ్ళు అడుగుతారు. నేనేమో మనుషుల సంగతులు చెబుతాను. మర్యాదకు కాసేపు విని, మెల్లగా ఫోన్లు తీస్తారు. అందుకే ఈ ఒక్క సంగతీ రాసి పెడుతున్నాను. చదివేటప్పుడు మధ్యలో ఫోను చూసుకున్నా నాకు కనబడదు కదా.

ఈ బోర్డు గురించి తెలియనివాళ్ళకు ముందు ఒక మాట. ఇనుప రేకుతో చేసిన సన్నటి స్టడ్లు వరసగా నిలబెట్టి, వాటికి రెండు వైపులా జిప్సం పలకలు స్క్రూలతో బిగిస్తే అదే గోడ. పలకకు పైన కాగితం, లోపల సుద్ద. రెండు పలకల మధ్య ఖాళీ. సద్దు అటూ ఇటూ దాటకూడదంటే ఆ ఖాళీలో రాక్‌వూల్ అనే దూది పరుపులాంటి దాన్ని కూరాలి. చూడటానికి గోడే కానీ, ఇటుక గోడ మీద చూపించే పౌరుషం దీని మీద చూపించకూడదు. మా పక్క ఇళ్ళలోకి ఇది వచ్చిన కొత్తలో ఆ తేడా ఎవరికీ పట్టలేదు. రాగి మూటలు ఆనించారు. మంచం జరుపుతూ కోడుతో గుద్దారు. దేవుడి పటానికి జానెడు మేకు కొట్టి, పటమూ మేకూ కలిసి కిందపడితే దేవుడికి కోపమొచ్చిందన్నారు. బొక్క ఎలా పడిందని అడిగితే నిజం చెప్పేవాళ్ళు బహు తక్కువ. దానంతట అదే పడిందప్పా అనేవాళ్ళే ఎక్కువ.

నా జతగాడిది బాగేపల్లి పక్క ఊరు. బెంగళూరులో ఒకే షెడ్డులో పడుకుని, ఒకే డబ్బాలో అన్నం తిని, కలిసే ఊళ్ళకు తిరిగొచ్చాం. చింతామణి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి చుట్టుపక్కల ఇళ్ళ పనులు ఇద్దరం కలిసే చేశాం. అతని చేతిపని బంగారం. తూకం గుండు వేలాడదీయకుండానే గోడ నిలువు చెప్పేవాడు. లోపాలు మాత్రం రెండున్నాయి. పని చివరికొచ్చేసరికి కాళ్ళు నిలవవు, ఎప్పుడు ముగించి బండెక్కుదామా అని ఉంటుంది. రెండోది భయం. పిల్లి ఎదురొస్తే బండి ఆపి బీడీ వెలిగించి, అది కాలి ఆరిపోయేదాకా కదలడు. ఎవరైనా తుమ్మితే చేతిలో ఉన్న స్క్రూ జేబులో వేసుకుంటాడు. నీ శకునాలు చూసుకుంటూ కూర్చుంటే గోడ లేవదని నేనూ, శకునం చూడకుండా లేపిన గోడ నిలవదని అతనూ వాదించుకుంటూనే అన్నేళ్ళు కలిసి పని చేశాం.

ఆ ఇల్లు మండికల్లు దగ్గర ఒక పల్లెలో ఉంది. డైరీకి పాలు పోసే రైతు కుటుంబం. పాత పెంకుటిల్లు పక్కనే కొత్త ఇల్లు కట్టుకుని, హాల్లో ఒక మూలకు బోర్డుతో గది చేయాలని మమ్మల్ని పిలిపించారు. గది ఇంటి కోడలి కోసం. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఫోన్లలో జవాబు చెప్పే ఉద్యోగం ఆమెది. తెలుగువాళ్ళు చేస్తే తెలుగులో, కన్నడంవాళ్ళు చేస్తే కన్నడంలో మాట్లాడాలి. ఇంటి నుంచే పని. అయితే ఆవుల అరుపులు, కుక్కరు కూతలు అవతలివాళ్ళకు వినబడుతున్నాయని పైవాళ్ళు ఆమెకు గట్టిగా చెప్పారట. సద్దు లేని గదైనా చూసుకో, లేదంటే బెంగళూరు ఆఫీసుకైనా వచ్చి కూర్చో అన్నారట. ఆఫీసుకు పోవాలంటే వారమంతా అక్కడే పీజీలో ఉండాలి. బడికి పోయే చిన్న కూతురు ఇక్కడ ఉంది. కూతుర్ని వదిలి ఉండటమో, ఉద్యోగం వదులుకోవటమో తప్పదు. గది ఒకటి కుదిరితే రెండూ తప్పుతాయి.

మేం పని చేసినన్నాళ్ళూ ఆమె ఫోనుకూ ఫోనుకూ మధ్య పరుగున వచ్చి, సద్దు రాదు గదా అన్నా అని అడిగి, జవాబు వినీ వినకుండా మళ్ళీ పరుగెత్తేది. రాదమ్మా, నాదీ పూచీ అని నేను చెప్పాను. అలా పూచీ పడటం నాకు అలవాటు లేదు. ఆమె అడిగే తీరు చూసి పడ్డాను.

అత్తగారికి ఆ గది మొదటి నుంచీ నచ్చలేదు. హాలు మధ్యన అట్టపెట్టె పెట్టినట్టుండాది అని ఒకసారి అని ఊరుకుంది. ఆమె గయ్యాళి కాదు. కోడలిని పల్లెత్తు మాట అనగా నేను వినలేదు. కోడలూ అత్త ఎదుట గొంతు పెంచేది కాదు. ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా మర్యాదగా, దూరదూరంగా తిరిగేవాళ్ళు. అత్తగారి మాటలన్నీ పశువులతోనే. పాలు పిండేటప్పుడు ఆమె వాటితో ఇంటి సంగతులన్నీ చెప్పుకునేది. అంత కబుర్లాడే మనిషి కొట్టం దాటి ఇంట్లోకి రాగానే మౌనం పట్టేది.

ఇంటాయన మెత్తని మనిషి. తన అక్క మాట దాటడు. ఆ అక్కది చింతామణి పక్క పల్లె. పట్టుపురుగులు పెంచుతుంది. ఆ కుటుంబంలో బతికున్నవాళ్ళలో ఆమే పెద్ద కాబట్టి పెళ్ళయినా పొలం బేరమైనా ఆమె సరేననాలి. ఇంటాయన కొడుకు పాల వ్యాను తోలుతూ ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాడు. ఇంటికొచ్చినప్పుడు చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్షం.

గృహప్రవేశానికి పనివాళ్ళందరినీ పిలిచి బట్టలు పెట్టడం మా పక్క ఆచారం. ఇల్లు కట్టిన మేస్త్రీతో పాటు మమ్మల్నీ పిలిచారు. ఆ రోజు మనుషుల కంటే ముందు ఆవూ దూడా గడప దాటాలి. వాళ్ళ కొట్టం నిండా సీమావులే. వాటికి చిన్నప్పుడే కొమ్ములు కాల్చేస్తారు. పురోహితుడేమో నాటావే కావాలన్నాడు. జనంలో తిరగడం అలవాటైన ఆవును నంది ఊరి నుంచి బాడుగకు తెప్పిస్తానని కొడుకు అన్నాడట. అత్తగారు వినలేదు. ఆ కొట్టంలో ఒకే ఒక నాటావు ఉంది. ఆమె చేతుల్లో పెరిగింది, కొత్తగా ఈనింది.

"మా ఇంటికి మా ఆవే రావల్ల. బాడుగ లక్ష్మి నాకొద్దు" అందట.

పొద్దు పొడవకముందే మేళం మొదలైంది. ఆవుకు నీళ్ళు పోసి, కొమ్ములకు పసుపు పూసి, మెడలో చేమంతి దండ వేశారు. గేటు దగ్గర దూడ డోలు దెబ్బకు బెదిరి వెనక్కి లాగడం నేను చూశాను. ఆ తర్వాత జనం అడ్డం వచ్చారు, దూడ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఆవు గడప దాటి బుద్ధిగా హాల్లోకొచ్చింది. హారతి ఇచ్చారు. అరటిపండు పెడితే తినలేదు. చెవులు నిక్కించి అటూ ఇటూ చూసింది. తిన్నగా మా గోడ దగ్గరికి పోయి వాసన చూసి, తల దించి ఒక్క పోటు పొడిచింది.

గట్టి చప్పుడు కూడా కాలేదు. సుద్ద పొడి ఎగిరింది. ఆవు తల లాక్కుంటే కొమ్ముకు పలక ముక్క అంటుకుని వచ్చింది. గోడకు తలకాయంత బొక్క, దాని చుట్టూ పసుపు మరక. మేళం ఆగిపోయింది. అంతమందిలో అందరికంటే ముందు నోరు తెరిచింది ఇంటాయన అక్క.

"గోమాత ఆ గది వద్దంటాండాది" అంది.

ఆ మాటతో తీర్పు అయిపోయింది. పురోహితుడు అవుననలేదు, కాదనలేదు. శాంతి చేయిద్దామని చెప్పి గడియారం చూసుకున్నాడు. కొత్త పంచె చేతిలో పట్టుకుని పక్కన నిలబడ్డ నా జతగాడు నా మణికట్టు పట్టుకుని, ఇంక మనం బయలుదేరదాం అన్నాడు. పెట్టిన బట్టలు వెనక్కి అడుగుతారేమోనని కూడా అతని భయం.

కొన్నాళ్ళకు ఇంటాయన ఫోను చేశాడు. బోర్డంతా విప్పేయమన్నాడు. గొంతులో సంకోచం వినబడుతూనే ఉంది. తన అక్క ఆ గోడ తీసేదాకా ఊరికి పోనని కూర్చుందనీ, తన భార్యేమో ఆ గది తలుపు ఎవరూ తీయవద్దని ఆ రోజే చెప్పేసిందనీ అన్నాడు. బొక్క పూడ్చవచ్చు కదప్పా, కొత్త గోడలా చేసిస్తాను అన్నాను. బొక్క పూడ్చవచ్చు కానీ శకునం పూడ్చలేం కదా అన్నాడు. కోడలు పిల్ల గుర్తొచ్చి మనసు పాడైంది. నాదీ పూచీ అని చెప్పిన నోరు కదా.

మేం పోయేసరికి ఆమె పశువుల దాణా పెట్టే కొట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. దాణా మూట మీద ల్యాప్‌టాప్, తలకు హెడ్‌ఫోను. చుట్టూ గోనెపట్టాలు వేలాడదీసుకుంది, సద్దు ఆగుతుందని. మా చేతుల్లోని సామాన్లు చూసింది. మీ సమస్య నాకర్థమైంది సార్, తప్పకుండా చూస్తాము సార్ అని ఫోనులో ఎవరికో చెబుతూనే మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

జతగాడు హాల్లోకి రానన్నాడు. ఆవు పొడిచిన గోడను ముట్టుకోవాలంటే ముందు గుమ్మడికాయ పగలగొట్టాలి, కర్పూరం వెలిగించాలి అని వరండాలో కూర్చున్నాడు. సరే నీ ఇష్టమని నేనొక్కణ్ణే పోయాను. విప్పడానికి స్క్రూలు తీస్తే చాలు. కానీ చేతికి ఉన్న అలవాటు వేరు. బొక్క కనబడితే చిరిగిన అంచులను చదరంగా కోసి శుభ్రం చేయడం మొదటి పని. ఆలోచించకుండానే కత్తి తీసి కోసేశాను. కోసి లోపలికి చెయ్యి పెట్టాను. దూది తగలాలి. తగల్లేదు. టార్చి వేసి చూశాను. అటు స్టడ్డుకూ ఇటు స్టడ్డుకూ మధ్య, కింది నుంచి పైదాకా ఆ గడి ఖాళీ.

జతగాణ్ణి పిలిచి గడప అవతలే నిలబెట్టి, బొక్కలోకి టార్చి వేసి చూపించాను. అతని మొహం మాడిపోయింది. చివరి రోజున రాక్‌వూల్ అయిపోయిందట. ఒక్క గడి కోసం మళ్ళీ చిక్కబళ్ళాపురం ఎవరు పోతారని పలక బిగించేశాడట.

"ఒక్క గడేలే అనుకుంటిప్పా" అన్నాడు.

గోడలో అన్ని గళ్ళుండగా ఆవు సరిగ్గా నీ గడినే ఎట్లా కనుక్కుంది అని అడిగాను. వెక్కిరించడానికే అడిగాను కానీ, అడిగాక నాకే అనుమానమొచ్చింది. ఆవుకు అక్కడేదో వినబడి ఉండాలి. దూది లేని చోటు నుంచి సద్దు వస్తుంది. లోపల ఏముందని సద్దు వచ్చింది?

గది తలుపు హాలు వైపు లేదు. వెనక వంటింటి పక్క నడవలోకి ఉంది. బయట గొళ్ళెం పెట్టి ఉంది. తీయవద్దన్న తలుపు తీయడానికి కాస్త వెనకాడాను. గోడ విప్పడానికి వచ్చినవాణ్ణి రెండో పక్క చూడకుండా ఎలా విప్పుతానని నాకు నేనే చెప్పుకుని గొళ్ళెం లాగాను. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు నేనిచ్చే సలహా కూడా ఇదే. ఏ బొక్కనైనా ముట్టుకునే ముందు రెండో పక్కకు పోయి చూడండి.

లోపల కొత్త టైల్సు మీద ఎండిపోయిన పేడ, అదీ దూడ వేసే చిన్న పేడ. గోడకు కింద పలకంతా చిన్న గిట్టల గీతలు. కిటికీ ఊచకు ఒక తాడు కట్టి ఉంది. అంగట్లో కొన్న తాడు కాదు, పాత చీరల అంచులు చింపి పేనింది. అత్తగారి కొట్టంలో దూడలన్నిటికీ అలాంటి తాళ్ళే. బొక్క సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా ఉంది.

తాడు ముడి విప్పి చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో నడవలో అడుగులు వినబడ్డాయి. అత్తగారు నాకు మజ్జిగ తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ముందు తలుపు చూసింది, తర్వాత నా చేతిలో తాడు చూసింది. గ్లాసు కిటికీలో పెట్టి, గోడకానుకుని కింద కూర్చుంది.

"నేనేప్పా కట్టేసింది" అంది. "డోలు సద్దుకు దూడ బెదిరి తాడు తెంపుకునేట్ల ఉండె. వెనకనించి తోలకొచ్చి ఈడ కట్టి గొళ్ళెం పెడితి. ఆవు లోపలికొస్తానే ఇడిపిస్తామనుకుంటి. చుట్టాలొస్తిరి. వాండ్లను పలకరిస్తా మర్సిపోతి."

కొమ్ము దిగిన మరుక్షణమే తనకు సంగతి అర్థమైందట. చెబుదామని నోరు తెరిచేలోపల వదిన ఆ మాట అనేసింది. ఊరు ఊరంతా చూస్తోంది. తాను పట్టుబట్టి తెచ్చిన ఆవు, తాను మరిచిపోయిన దూడ. ఆ తర్వాత గంట గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయిందట. శకునానికి భయపడి ఆమె గది మూయించిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె మూయించింది సిగ్గుతో. ఈ మాటలు చెబుతూ ఆమె కొంగు అంచును తాడు పేనినట్టు మెలిపెడుతూనే ఉంది. నాకు జాలేసింది. ఏదో సర్ది చెప్పబోయాను. అంతలో ఆమె తలెత్తింది.

"మరి దూడను ఎవరు ఇడిపిచ్చినారు? నేనొచ్చి చూసేతలికి తాడుండాది, దూడ లేదు. దానంతట అది మెడ తప్పించుకుంది అనుకుంటి" అంది.

దూడ మెడ తప్పించుకుంటే తప్పించుకోవచ్చు. బయట గొళ్ళెం పెట్టిన తలుపు దాటి ఎలా పోతుంది? ఆ ప్రశ్నకు జవాబు నడవలోనే నిలబడి ఉంది. ఫోన్ల మధ్య విరామంలో కోడలు వచ్చింది. మెడలో హెడ్‌ఫోను వేలాడుతోంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు.

"నేనే అత్తా" అంది. "ఆవు పొడిసినప్పుడు నేను నడవలో ఉంటి, లోపల దూడ అరిసింది. ఇడిపిచ్చి, గొళ్ళెం మళ్ళీ పెట్టి, దూడను వెనకనించి కొట్టంలో వదిలేసి వస్తి."

"అంటే నీకు ఆ పొద్దే తెలుసు."

"తెలుసు."

"మరి ఇన్ని దినాలు గమ్మునేల ఉంటివి? చెప్పింటే నీ గది నీకుండు గదా."

కోడలు ఫోనులో మాట్లాడేటప్పుడు ఎన్ని మాటలు గలగలా వస్తాయో నేను విన్నాను. అవేవీ ఇప్పుడు రాలేదు.

"చెప్పింటే అంతమందిలో మీరు తలకాయ దించుకోవల్ల. నాకు గది కావల్లత్తా. అట్ల వచ్చే గది నాకొద్దు" అంది.

నేను ఆ గదిలోంచి ఎలాగైనా బయటపడాలని చూశాను. గుమ్మంలో ఒకరు, గోడకానుకుని ఒకరు. చేసేది లేక మజ్జిగ గ్లాసు అందుకుని గోడ వైపు తిరిగి తాగాను. నా కళ్ళూ సరిగ్గా లేవు. సుద్ద పొడి పడిందని అనుకోవచ్చు వాళ్ళు.

కోడలికి మళ్ళీ ఫోను మోగి కొట్లోకి పరుగెత్తింది. అత్తగారు లేచింది. నా చేతిలో తాడు తీసుకుని తిన్నగా హాల్లోకి నడిచింది. అక్కడ ఇంటాయనా, ఆయన అక్కా కూర్చుని ఉన్నారు. వరండాలో నా జతగాడు ఎక్కడినుంచి తెచ్చాడో గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, ఆవు గదిని వద్దనలేదు" అంది అత్తగారు. "లోపల దాని బిడ్డను నేను కట్టేసి మర్సిపోయింటి. బిడ్డ కోసరం పొడిసింది. నా కోడలికి అది తెలిసీ నాకోసరం నోరు మూసుకుని కొట్లో కూచోనుండాది. తప్పు నాది."

తాడు ఆమె ముందు పెట్టింది. ఇంటాయన నోరు తెరుచుకుని భార్యనే చూస్తున్నాడు. ఆవిడ హాల్లో అంత మాట్లాడటం అతను కూడా చూసినట్టు లేదు. పెద్దావిడ తాడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బొక్క చూసింది. నేను లోపల్లోపల దేవుణ్ణి తలుచుకున్నాను, శకునాల మీద నమ్మకం లేనివాణ్ణయినా.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నేను ఊరికి పోయిందును గదే" అంది పెద్దావిడ. "ఆడ నా పురుగులకు ఆకు ఎవరేస్తాండారో ఏమో."

అంతే. తమ్ముడి వైపు తిరిగి, ఆ గోడ బాగు చేయించు అని చెప్పి సంచి సర్దుకోవడానికి లేచింది. బస్సుకు పోయే ముందు కొట్టంలోకి పోయి ఆవుకు బెల్లం ముక్క పెట్టి, దాని నుదురు ముట్టి కళ్ళకద్దుకుంది. అనవసరంగా గోమాత నోట తన మాట పెట్టానని అనుకుందేమో. ఆమె మీద నాకున్న కోపం ఆ బెల్లం ముక్కతో పోయింది.

జతగాడు మాత్రం తెచ్చిన గుమ్మడికాయ వృథా కానివ్వలేదు. వాకిట్లో పగలగొట్టి, కర్పూరం వెలిగించి, అప్పుడే లోపలికొచ్చాడు. రాక్‌వూల్ కోసం చిక్కబళ్ళాపురం తనే పోయాడు. ఆ గడిలో పసిపిల్లకు పక్క వేసినట్టు అంచులన్నీ సర్ది సర్ది కూరాడు. అంత నిదానంగా పని చేయడం అతని జీవితంలో అదే మొదలు. మిగతా గళ్ళు కూడా తట్టి తట్టి చూసి, అన్నిట్లో ఉందని ప్రమాణం చేశాడు. నమ్మాను.

తర్వాతి పని మామూలే. లోపల చెక్క పట్టీలు పెట్టి, కోసిన చదరానికి సరిపడే పలక ముక్క బిగించి, అతుకుల మీద టేపు అంటించి, పైన జిప్సం ముద్ద పూశాం. ఈ పనిలో కష్టమంతా ఆరేదాకా ఆగడమే. ఒక పూత ఆరకుండా ఇంకో పూత వేస్తే కొన్నాళ్ళకు అతుకు బయటపడుతుంది. మాకు తొందర లేదు. పూతకూ పూతకూ మధ్య వరండాలో కూర్చుంటే అత్తగారు మాకు రాగి సంగటి పెట్టింది. కోడలి కూతురు బడి నుంచి వచ్చి గోడ మీద మా తడి పూతను వేలితో ముట్టి, తిట్టు తప్పించుకుని పరుగెత్తింది. ఆ వేలి గుర్తు నేనే గరుకు ఉప్పుకాగితంతో రుద్ది చెరిపాను. చివరికి రంగు వేశాక బొక్క ఎక్కడ ఉండేదో ఇంటాయన వెతికి వెతికి తప్పు చోటు చూపించాడు. అలాంటివి చూసినప్పుడు మా పనివాళ్ళకు కలిగే సంతోషం వేరేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

సామాన్లు సర్దుకుంటుంటే అత్తగారు నడవలో నుంచి పిలిచింది. ఇంకో పని ఉందంది. గది తలుపు చూపించింది.

"ఈ గొళ్ళెం బయట వద్దప్పా. తీసి లోపలికి పెట్టు" అంది. "ఆ గదికి గొళ్ళెం మా కోడలే వేసుకోవల్ల. ఎవరొచ్చినా బయటనించి పిలవనీ."

అది వడ్రంగి పని, మాది కాదు. అయినా చేశాను. బయట గొళ్ళెం విప్పి, ఆ రంధ్రాలు పూడ్చి, తలుపు లోపలి వైపు బిగించాను. కోడలు తన ల్యాప్‌టాపూ, స్టూలూ కొట్లోంచి తెచ్చుకుంది. అత్తగారు గోనెపట్టాలు విప్పుకుంటూ వెనకే వచ్చింది. డ్యూటీ టైమైంది అత్తా అని కోడలు అంటే, పో పో అంది అత్త.

తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడిన సద్దు నేనూ జతగాడూ ఇద్దరం విన్నాం. అత్తగారు కూడా మాతో పాటు చెవి ఒగ్గి నిలబడింది. ఆ తర్వాత మాకేమీ వినిపించలేదు.